మన పొగ మనకు కనబడదు

పొగ యున్నచోట నిప్పుండునని తర్కశాస్త్రము చదివిన ప్రతివాడును మొదటి దినముననే నేర్చుకొనును. కొండమీది పొగను జూచి అచ్చట అగ్ని కలదని యూహించుట అనుమానప్రమాణమునకు పూర్వులు చూపిన యుదాహరణము. మేమును అన్నంభట్టుని తర్కసంగ్రహమును చిన్ననాట గురువుగారియొద్ద వల్లించినవారమే. ఇరువది యేండ్లుగా తెలుగు పాఠముల నడుమ ఆ యుదాహరణమునే పిల్లలకు చెప్పుచున్నవారమే. కాని కొండమీది పొగను గూర్చి యింత చెప్పిన మేము, మా వెనుక మేమే విడుచుచున్న పొగను ఒక యేడాదికాలము కనుగొనకుంటిమి. దానిని మాకు చూపినది శాస్త్రము గాదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలిక. ఆ సంగతిని దాచక చెప్పుటవలన మావంటివారికి కొంత మేలు కలుగునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు 1996వ సంవత్సరమున ఒక చిన్న తెల్లకారును కొనిరి. మూడు సిలిండర్లు, 796 సి.సి.ల ఇంజను, పెట్రోలును గాలితో గలుపుటకు కార్బురేటరు, చలివేళ లాగుటకు స్టీరింగు ప్రక్కన చోకు బొడిపె: ఇంతమాత్రము చెప్పినచో మధ్యతరగతి కుటుంబములవారికి దాని పేరు వేరుగ చెప్పనక్కరలేదు. తండ్రిగారు ఆదివారమునాడు దానిని తామే కడిగి, తడి యారువరకు ప్రక్కను కుర్చీ వేసికొని కూర్చుండెడివారు. వారు కాలధర్మము నొందిన పిమ్మట అది మాకు సంక్రమించినది. మొదటి పదునైదేండ్ల గడువు 2011లో తీరగా, ఐదేసి యేండ్ల చొప్పున రిజిస్ట్రేషనును పొడిగించుకొనుచు వచ్చితిమి. మా తల్లిగారికి అది బండి గాదు, పోయినవారి గుర్తు. దానిని తీసివేయుదమని ఎన్నడైన మే మన్నచో, వారు మారుమాటాడక లేచి వంటయింటిలోనికి పోవుదురు.

మేము కాపురముండునది రాజమహేంద్రవరము. పనిచేయు పాఠశాల గోదావరి కావలియొడ్డున, కొవ్వూరు ప్రక్కను గలదు. నడుమ 1974లో రాకపోకలకు తెరచిన రోడ్డు రైలు వంతెన. క్రింద రైలును, పైన రోడ్డును సాగుచుండుటచేత ఇరుప్రక్కలను బండి ఎత్తునకు ఎక్కి మరల దిగవలసియుండును. ఉదయము ఈ వంతెన దాటి, దినమంతయు కారును పాఠశాల గేటుప్రక్క వేపచెట్టు నీడను నిలిపి, సాయంకాలము మరల దాటి యింటికి వచ్చుట మా నిత్యకృత్యము. ఈ వివరములు ముందు పనికివచ్చును గనుక చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఒకనాడు ఎనిమిదవ తరగతి పిల్లలకు "మా ఊరి గాలి" అను విషయముపై వ్యాసము వ్రాయుడని చెప్పితిమి. రాత్రి భోజనమైన తరువాత ఆ పుస్తకములు దిద్దుచుండగా నొక బాలిక ఇట్లు వ్రాసియుండెను: "మా బడి విడిచిపెట్టగానే గేటు దగ్గర ఒక తెల్ల కారు బయలుదేరుతుంది. కదిలేటప్పుడు నీలంగా పొగ వస్తుంది. నాకు ఆయసం ఉంది కాబట్టి మా నాన్న సైకిలు ఆపి నా ముఖానికి తువ్వాలు అడ్డం పెడతాడు. కారు కొంచెం దూరం పోయాక పొగ తగ్గుతుంది. అప్పుడు మేము బయలుదేరతాము."

మేము ఎఱ్ఱసిరాతో "ఆయసం" అనుదానిని "ఆయాసం" అని దిద్దితిమి. ప్రక్కను "మంచి పరిశీలన" అని వ్రాసి, పదింట ఎనిమిది మార్కులు వేసి, తరువాతి పుస్తకమును తెరచితిమి. రెండుమూడు పంక్తులు చదివితిమో లేదో చేయి నిలిచిపోయినది. మా పాఠశాల గేటుకడ తెల్లకారు ఒక్కటియే యుండును.

ఆ కారు ఎవరిదో ఆ పిల్ల వ్రాయలేదు. తెలియక వ్రాయకపోలేదు, తెలిసియే వ్రాయలేదు. పదుమూడేండ్ల బిడ్డ మా మర్యాదను కాపాడినది. మేము ఆమె యూపిరిని కాపాడలేకపోయితిమి. దీపావళినాడు బాణసంచా కాల్చరాదనియు, చెత్తకు నిప్పు పెట్టరాదనియు ప్రార్థనాసమావేశమున ఉపన్యసించునది మేమే. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మఱునాడు మొదట మా మనస్సు వెదకినది సాకును. కాలుష్యపరీక్షాపత్రము కారు అరలో నున్నది. దాని గడువింకను తీరలేదు. అది దొడ్డిదారిని తెచ్చినది గాదు, యంత్రముతో కొలిపించి తెచ్చినది. పత్రము సరిగానున్నపుడు తప్పు మాదెట్లగునని కొంతసేపు మాలో మేము వాదించుకొంటిమి. కాని పత్రమును జూచి పిల్ల దగ్గు ఆగదు గదా! తుదకు కారును ఒక వర్కుషాపునకు తీసికొనిపోయితిమి.

అచ్చటి పనివాడు బానెట్టు ఎత్తి, ఒకమారు ఆక్సిలరేటరు నొక్కించి, "ఇంజను బోరుకు వచ్చేసిందండి. అంతా విప్పాలి. నలభై వేలు పెట్టుకోండి" అనెను. ఏ ప్రశ్నయు అడుగలేదు. నలువదివేలు మా వంటివారికి చిన్న మొత్తము గాదు. ఆ బండిని అమ్మినను అంత వచ్చునో రాదో! మేము దిగాలుపడి నిలుచుండగా, అచ్చటనే తిరుగుచుండు ఒక మధ్యవర్తి మమ్ము ప్రక్కకు పిలిచి మెల్లగా నొక యుపాయము చెప్పెను. చిక్కని మందొకటి డబ్బాలలో అమ్ముదురట. దానిని ఇంజను ఆయిలులో పోసినచో కొన్ని దినములు పొగ అణగియుండునట. ఆలోపల ఎవరికైన అమ్మివేయవచ్చునట.

ఇక్కడ మా దోషమును మఱింత విప్పి చెప్పవలెను. మా పాఠశాలలో క్రొత్తగా చేరిన యొక యువకోపాధ్యాయుడు, తన తండ్రిని వారమునకు రెండుమార్లు ఆసుపత్రికి తీసికొనిపోవుటకు చౌకగా నొక పాతకారు కావలెనని వెదకుచుండెను. "మీ చేతి బండి అయితే చూడక్కరలేదు మాస్టారూ" అని మాతో నొకటి రెండుమార్లు అనియుండెను. ఆ మాట మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది. మేము ఆ డబ్బాను కొంటిమి.

ఇంటికి తెచ్చి అలమారలో పెట్టగా మా గృహిణి చూచి, "ఏమండీ, ఇదేమిటి?" అని యడిగినది. కారునకు మందని చెప్పితిమి. "ఇది పోస్తే రోగం కుదురుతుందా, దాగుతుందా?" అని ఆమె మరల నడిగినది. మేము ప్రత్యుత్తర మీయలేదు. ఆమె మరేమియు ననక దీపము పెట్టుటకు పోయినది. రెండు దినములు ఆ డబ్బా అలమారలోనే యుండెను. మమ్ము నమ్మి చూడకుండ కొనగోరిన వానికి, చూచినను తెలియరాని రోగము నంటగట్టుట యెట్టిదో ఆ రెండు దినములు ఆలోచించితిమి. ఇంతకును పొగ పోదు. గోదావరికి ఈవలినుండి ఆవలికి మాఱును, లేదా మా వెనుకనుండి మఱియొకని వెనుకకు మాఱును. మూడవనాడు డబ్బాను తీసికొనిపోయి దుకాణమున తిరిగి యిచ్చివేసితిమి.

అటుపిమ్మట ఒక మిత్రుని మాటపై, బోర్డైనను లేని సందులోని వృద్ధ మెకానిక్కునొద్దకు పోయితిమి. ఆయన ఏడవ తరగతితో చదువు మాని, నలువదేండ్లుగా ఆ వృత్తిలో నున్నవాడు. బానెట్టు ఎత్తకముందే ఆయన మమ్ము కూర్చుండబెట్టి ప్రశ్నింప నారంభించెను. "పొగ ఏ రంగండి మాస్టారూ? ఎప్పుడొస్తుందండి, బండి తియ్యగానేనా, ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఏం వాసనండి? ఆయిలు తగ్గుతోందా? రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయా?"

ఈ ప్రశ్నలలో నొక్కదానికిని మాకు ఉత్తరము తెలియదు. ఏలయన, తోలువాడు ముందునకు చూచును. పొగ వెనుకకు పోవును. మేము సిగ్గుపడి, మా శిష్యురాలు వ్రాసినదానిని మాత్రము జెప్పితిమి: కదలునపుడు నీలముగా వచ్చును, కొంతదూరము పోగానే తగ్గును. ఆ వృద్ధుడు నవ్వి, "సగం పని ఆ పాపే చేసిందండి" అనెను.

మాకప్పుడు తర్కపాఠములోని మఱియొక భాగము స్ఫురించినది. పొగ యున్నచోట నిప్పు తప్పకయుండును. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. నిప్పునకు పొగ తోడగుటకు తడికట్టెల సంబంధము కావలెననియు, దీనినే ఉపాధి యందురనియు శాస్త్రకారులు చెప్పిరి. ఇంజనునందు నిప్పెప్పుడును ఉండవలసినదే. కావున "పొగ వచ్చుచున్నది, ఇంజను పాడైన" దనుట తొందరపాటు. అడుగవలసిన ప్రశ్న వేఱు: ఆ నిప్పులో పడరాని "తడి" యేది పడుచున్నది? నీరా? ఆయిలా? మితిమీరిన పెట్రోలా? ఈ మూడింటికిని మూడు రంగులు గలవు. చదువరులకు ఉపయోగపడునని ఆ వృద్ధుడు చెప్పినదానిని, మేము తరువాత చదివి తెలిసికొన్నదానిని గలిపి యిచ్చట వివరించుచున్నాము.

మొదటిది తెలుపు. శీతకాలపు ఉదయమున బండి తీయగానే గొట్టమునుండి సన్నని తెల్లని ఆవిరి వచ్చి కొన్ని నిమిషములలో మాయమగుట దోషము గాదు. ఒక లీటరు పెట్రోలు మండినచో రమారమి ఒక లీటరు నీరు పుట్టును. చల్లని గొట్టములో అది ఆవిరిగా కనబడును. కాని ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ దట్టముగా వచ్చుచు, తియ్యని వాసన వేయుచు, రేడియేటరులో నీరు తగ్గుచుండినచో, సిలిండరుపై నుండు హెడ్డుగాస్కెట్టు చెడి చల్లార్చు నీరు నిప్పులోనికి దిగుచున్నదని యర్థము. అట్టి బండిని ఒకదినమైనను తోలరాదు. వేడిగానున్న రేడియేటరు మూతను విప్పుట మాత్రము ప్రాణాపాయకరము.

రెండవది నలుపు. ఇది పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనపుడు వచ్చును. పెట్రోలు చక్కగా మండుటకు తూకముచొప్పున దానికి సుమారు 14.7 రెట్లు గాలి కావలెను. గాలి వడపోత దుమ్ముతో మూసికొనిపోయినను, కార్బురేటరులో పెట్రోలు మట్టమును నిలుపు సూది అరిగినను, చోకు మూత తెరచుకొనకున్నను ఈ నిష్పత్తి చెడును. అప్పుడు మసితోపాటు కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడును పెరుగును. అది రక్తములోని హిమోగ్లోబినును పట్టుకొని ప్రాణవాయువునకు చోటులేకుండ జేయును. తలుపులు మూసిన కారుషెడ్డులో ఇంజనును నడపరాదనుట ఇందువలననే.

మూడవది నీలము. ఇది ఇంజను ఆయిలు మండుటవలన గలుగును. కాలిన నూనెవాసన వేయును. ఆయిలు నిప్పులోనికి వచ్చు దారులు ముఖ్యముగ రెండు. పిస్టనునకు చుట్టును ఉండు రింగులు అరిగినచో క్రిందినుండి ఎగబ్రాకును. అట్టి పొగ ఎత్తు ఎక్కునపుడును, బరువు లాగునపుడును ఎడతెగక వచ్చును. ఇదియే బోరు పని, ఖర్చు పెద్దది. వాల్వుల కాడలచుట్టు బిగిసియుండు రబ్బరు సీళ్లు ఎండిపోయినచో ఆయిలు పైనుండి దిగజారును. బండి చాలసేపు నిలిచియున్నపుడు చుక్కచుక్కగా దిగి, మరల తీయగానే ఒక్కమారు గుప్పున మండి, పిదప తగ్గును. మఱియు, ఆక్సిలరేటరు వదలి పల్లమునకు దిగునపుడు ఇంజను లోపలి పీల్పు బలముగానుండి ఆయిలును లాగికొనును. క్రిందికి వచ్చి మరల ఆక్సిలరేటరు నొక్కగానే నీలిపొగ వచ్చును. ఇది చిన్న పని.

రెంటి పొగయు నీలమే. నలువదివేలకును నాలుగువేలకును భేదము రంగులో లేదు, అది వచ్చు వేళలో నున్నది. ఒకటి యున్నపుడు మఱియొకటి యుండుట, అది లేనపుడు ఇదియు లేకుండుట అను అన్వయవ్యతిరేకములను మేము సంస్కృతమున చదివితిమి. వానికి దగ్గరి పద్ధతులనే మిల్లు పండితుడు 1843లో తన తర్కగ్రంథమున వివరించెనని ఆంగ్లమున చదివితిమి. రెండు భాషలలో చదివిన మాకు తోచని ప్రశ్నను ఏడవ తరగతి చదివిన ఆయన అడిగెను. విద్య గ్రంథములో నుండుట వేఱు, కంటిలో నుండుట వేఱు.

మఱునాటి ఉదయమున ఆయన మా యింటికి వచ్చి, రాత్రియంతయు నిలిచియున్న కారును మాచే తీయించి, తాను వెనుక నిలుచుండెను. నీలిపొగ గుప్పున వచ్చి, రెండు నిమిషములలో పలుచబడినదట. పిదప మేము కారులోను, ఆయన స్కూటరుపై వెనుకను బయలుదేరి వంతెన దాటితిమి. ఎత్తు ఎక్కునపుడు నీలిపొగ లేదు. ఆవలిప్రక్క దిగి మరల వేగము పెంచినపుడు వచ్చినది. అంతటితో ఆయన తీర్పు చెప్పివేయలేదు. మూడు స్పార్కు ప్లగ్గులను విప్పి తెల్లకాగితముపై వరుసగా పెట్టెను. మంచి ప్లగ్గు లేత గోధుమరంగున నుండవలెనట. మాది నడిమిది ఆయిలుతో తడిసియున్నది. తరువాత ప్లగ్గుల రంధ్రములలో గేజి పెట్టి సిలిండర్ల ఒత్తిడిని కొలిచెను. మూడింటను చదరపు సెంటీమీటరునకు పదకొండు కిలోగ్రాములకు కొంచె మటునిటుగా నున్నది. ఒక్కొక్క దానిలో చెంచాడు ఆయిలు పోసి మరల కొలిచెను. రింగులు అరిగియుండినచో ఆ ఆయిలు సందులను మూసి ఒత్తిడి బాగుగ పెరుగవలెను. పెరుగలేదు. "రింగులు బాగానే ఉన్నాయండి. సీళ్లే" అనెను.

కాని ఆయన ముఖమున ఇంకను సందేహము కనబడెను. మూడు ప్లగ్గులమీదను పొడిమసి దట్టముగా పట్టియున్నది. అది ఆయిలు చేసిన పని గాదు. పెట్రోలు ఎక్కువైన గుర్తు. "నీలం ఒక్కటే కాదండి, నలుపు కూడా ఉంది. లీటరుకు ఎంత వస్తోందండి?" అని యడిగెను. పూర్వము పదునాఱు కిలోమీటర్లు వచ్చుచుండెడిది, ఈ యేడాది పన్నెండునకు దిగినదని చెప్పితిమి. ఆయన గాలి వడపోతను చూచెను, శుభ్రముగనే యున్నది. కార్బురేటరును చూచెను, సూది సరిగనే యున్నది. తుదకు తోలువాని సీటులో కూర్చుండి ఎదుటికి చూచి, నవ్వాపుకొనలేక మమ్ము పిలిచెను. చోకు బొడిపెకు మా గుడ్డసంచి తగిలించియున్నది. సంచి బరువునకు ఆ బొడిపె బొటనవ్రేలి మందమున వెలికి వచ్చియున్నది. "మాస్టారూ, ఇది చిలక్కొయ్య కాదండి" అనెను.

ఆ సంచిలో నున్నవి దిద్దవలసిన పిల్లల వ్యాసపుస్తకములు. "మా ఊరి గాలి" అను వ్యాసములును, ఆయాసమున్న ఆ బిడ్డ పుస్తకమును ఒకటి రెండు దినములు ఆ సంచిలోనే, ఆ బొడిపెకే వ్రేలాడినవి. దాదాపు ఒక యేడాదిగా మేము పిల్లల చదువును మోయుచు, వారి గాలిని చెఱచుచుంటిమి.

కాలుష్యపరీక్షలో కారు నెగ్గుట ఎట్లో అప్పుడు తెలిసినది. ఇట్టి పాతబండ్లకు నియమములు విధించిన మితి, ఇంజను ఊరక తిరుగుచున్నపుడు కార్బన్ మోనాక్సైడు నూటికి మూడువంతులు, హైడ్రోకార్బనులు పదిలక్షలకు 1500 వంతులు. మేము పరీక్షకు పోయిననాడు ఇంజను వేడెక్కియున్నది గనుక నీలిపొగ అణగియున్నది. పుస్తకముల సంచి ఇంటనుంచి పోయితిమి గనుక చోకు మూసియున్నది. యంత్రము అబద్ధ మాడలేదు. ఆ గడియలో నిజమైనదానిని అది చెప్పినది. తక్కిన ఆఱునెలలకు దానిని సాక్ష్యముగ చూపుకొన్నవారము మేము. పత్రము అవసరమే, దానిని మనస్సాక్షికి బదులుగ వాడుకొనుట తగదు.

మరమ్మతు ఒక పూటన్నరలో ముగిసినది. ఇంజనునకు ఆఱు వాల్వులు గనుక ఆఱు సీళ్లు. హెడ్డును దింపకయే ఆ పని చేసిన నేర్పు చూడదగినది. పిస్టను పైకి వచ్చు సమయమున ప్లగ్గు రంధ్రముగుండ నూలుత్రాటిని లోపలికి చుట్టలుగ పంపి, పిస్టనును మెల్లగ పైకి తెచ్చినచో ఆ త్రాడు వాల్వులు క్రిందికి జాఱకుండ అదిమి పట్టుకొనును. అప్పుడు స్ప్రింగులను విప్పి పాతసీళ్లను తీసి క్రొత్తవి యెక్కించెను. తీసినవానిని మా యఱచేత పెట్టెను. రబ్బరువలెగాక ఎండిన చింతపిక్కలవలె గట్టిగ నున్నవి. క్రొత్త ప్లగ్గులు, క్రొత్త ఆయిలు, చోకు కేబులు, కూలి అన్నియు గలిపి మూడువేల యెనిమిదివందల రూపాయలైనవి. నలువదివేలు చెప్పిన పనివాని నిందించుటకు మాకు నోరు రాలేదు. ఆయన ప్రశ్న అడుగకుండ తీర్పు చెప్పెను. మేమును ఇంటను, తరగతిలోను ఎన్నిమార్లు అట్లు చేయలేదు?

ఆ సోమవారము తరగతిలో వ్యాసపుస్తకములను తిరిగి యిచ్చునపుడు, ఆ తెల్లకారు మాదేయని పిల్లలందఱి యెదుట చెప్పితిమి. పేరు చెప్పక ఆ వ్యాసమునుండి ఆ నాలుగు పంక్తులు చదివి, వానివలననే రోగము తెలిసినదనియు, పొగ రంగులు మూడనియు, సంచి సంగతియు చెప్పితిమి. సంచి మాట వచ్చినపుడు పిల్లలు నవ్విరి; మేమును నవ్వితిమి. ఉపాధ్యాయుడు తన తప్పును తానే చెప్పినచో గౌరవము తగ్గునని మా కాలపు పెద్ద లనుకొనెడివారు. ఆనాడు మాకట్లు తోచలేదు. ఇంటికి వచ్చి మా తల్లిగారికిని చెప్పితిమి. వారు కొంతసేపు ఊరకుండి, "మీ నాన్నగారు వారం వారం వెనకవైపుకూడా కడిగేవారురా. పొగగొట్టం చుట్టూ మసి పడితే నన్ను పిలిచి చూపించేవారు" అనిరి. మేము ఆ బండిని భక్తితో నుంచుకొంటిమే గాని, తండ్రిగారు చూచినట్లు దాని వెనుకప్రక్కను ఎన్నడును చూడలేదు.

సాయంకాలము బడి విడిచిన తరువాత ఆ బాలికయు, ఆమె తండ్రియు గేటుకడ నిలిచియుండిరి. మేము వారియొద్దకు పోయి, కారు తీసెదము, దూరమున నిలిచి చూచి నిజము చెప్పుడని కోరితిమి. ఆయన "మీరలా అనకండి మాస్టారూ" అని మొగమాటపడెను. కారు తీసి కొంచెము ముందునకు పోయి నిలిపి, దిగి వచ్చి, "ఏమమ్మా?" అని యడిగితిమి. ఆ పిల్ల తండ్రి ముఖమును, మా ముఖమును చూచి, "పొగ లేదండి మాస్టారూ. వాసన మాత్రం కొంచెం ఉందండి" అనినది.

ఆమె మాట నిజము. కనబడు పొగ పోయినంతమాత్రమున గాలి శుభ్రమైనదని యనుకొనరాదు. దేశమంతట సీసము గలిసిన పెట్రోలు అమ్మకము నిలిచినది 2000వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీనుండి. అంతకు ముందు నాలుగేండ్లు ఇదే కారు సీసమును గూడ విడిచియుండవచ్చును, అది ఎవరికిని కనబడలేదు. పొగను శుద్ధిచేయు కన్వర్టరు దీనికి లేదు. ఎంత బాగుచేసినను ఇది నేటి బండ్లతో సరిరాదు. కావున ఇప్పటి రిజిస్ట్రేషను గడువు తీరినపిమ్మట మరల పొడిగింపరాదని మేమును, మా తల్లిగారును కలిసి నిశ్చయించుకొంటిమి. ఆ యువకోపాధ్యాయునకు ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఈ బండి వలదని, కొనదలచిన బండిని రాత్రియంతయు నిలిపియుంచి ఉదయమున వెనుక నిలిచి చూడుమని చెప్పితిమి. అంతవరకు వారమునకు మూడు దినములు మేము బస్సులో పోవుచున్నాము. తక్కిన దినములలో కారును గేటుకడ గాక, రోడ్డుమలుపున ఖాళీస్థలమున నిలుపుచున్నాము.

చదువరులారా! మీ యింట పాతబండి యున్నచో ఒక యుదయమున మీరు తోలక, ఇంటిలోని మఱియొకరిచే తీయించి, మీరు వెనుక నిలిచి చూడుడు. రంగేదో, వేళయేదో, వాసనయేదో కాగితముపై వ్రాసికొని పిదప మెకానిక్కునొద్దకు పొండు. మఱియు, మీ వెనుక నడచువారిని, అనగా మీ పిల్లలను, మీ శిష్యులను, మీ యింట పనిచేయువారిని, అప్పుడప్పుడు అడుగుచుండుడు. వారు మర్యాదకొఱకు తువ్వాలు అడ్డము పెట్టుకొని ఊరకుందురే గాని, అడుగనిదే చెప్పరు. మేము ఆ పుస్తకములో ఎనిమిది మార్కులను అట్లే యుంచితిమి, అక్షరదోషము అక్షరదోషమే. కాని "మంచి పరిశీలన" అను మాట క్రింద మా సంతకముతో "నిజము" అని చేర్చితిమి.